దేవునికి మాత్రమే

మూడో నెల నిండేదాకా కడుపుతో ఉన్న సంగతి ఎవరికీ చెప్పకూడదు. మా అమ్మ వదులుకోని పాత పద్ధతి ఇదొక్కటే. ఆమె ముహూర్తాలు చూడదు, దిష్టి తీయదు, పిల్లి ఎదురొస్తే ఆగదు. తరతరాలుగా చర్చికి వెళ్ళే ఇల్లు మాది. "అవన్నీ మనకు లేవు బిడ్డా" అని నా చిన్నప్పటి నుంచీ చెప్పిన మనిషి, ఈ ఒక్క విషయం దగ్గర మాత్రం గుడ్లురిమేది. చెబితే ఏమవుతుందని అడిగితే, "ఏం గాదు. చెప్పకు, గంతే" అనేది.

నేను రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ పోయింది. చెప్పడం వల్ల పోయిందని నేనెప్పుడూ అనుకోలేదు. డాక్టరమ్మ కూడా కారణం తెలియదనే చెప్పింది. కానీ అమ్మ పద్ధతిలో ఉన్న తెలివి నాకు ఆ తర్వాతే అర్థమైంది. అది బిడ్డను కాపాడే పద్ధతి కాదు, తల్లిని కాపాడే పద్ధతి. ఎవరికీ తెలియని బిడ్డ పోతే ఎవరూ పరామర్శకు రారు. ఆపిల్ పండ్ల సంచి బల్లమీద పెట్టి, మంచం అంచున కూచుని, "బండెక్కినవా? బొప్పాయి గిట్ల తిన్నవా?" అని ఎవరూ అడగరు. రెండోసారి ఇంట్లో ఆపిల్ పండ్లు కుళ్ళిపోయేటన్ని వచ్చాయి. ఆ వాసన నాకు ఇప్పటికీ పడదు.

అందుకని మూడోసారి ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. అమ్మకు చెప్పలేదు. మాతో ఉంటున్న అత్తమ్మకు చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. భర్తకు చెప్పకపోవడమేమిటని మీరు నొసలు చిట్లించవచ్చు. రెండోసారి ఆస్పత్రి వరండాలో అందరి ముందూ ఆయన వెక్కి వెక్కి ఏడిస్తే, సెలైన్ సూది ఉన్న చేత్తో ఆయన వీపు నిమిరింది నేను. మంచి మనిషి, మెత్తటి మనిషి. ఆయన్ని ఓదార్చడంలో నా ఏడుపు నాకు మిగలలేదు. ఈసారి మూడు నెలలు నేనొక్కదాన్నే మోసి, ఆ తర్వాత చెబుదామనుకున్నాను.

అయితే ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయాను. అందుకని దేవునికి చెప్పాను. చెప్పిన చోటే తేడా వచ్చింది.

మా ఆయన హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాడు. నేను అక్కడే ఇంకో బిల్డింగులో, ఎవరో విదేశీ కొనుగోలుదారుల ఫిర్యాదులకు మెయిల్లో జవాబులు రాసేదాన్ని. ఆయనది గుంటూరు వైపు. నాది నానక్‌రామ్‌గూడ. మా అమ్మ ఇంటి మీద ఇప్పుడు మధ్యాహ్నం దాకా ఎండ పడదు, చుట్టూ లేచిన అద్దాల మేడల నీడే పడుతుంది. పెళ్ళయ్యాక మేము గోపన్‌పల్లిలో కిరాయికి ఉండేవాళ్ళం. అక్కడే ఒక డాబా మీద రేకుల షెడ్డులో మా చర్చి. సగం మంది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, సగం మంది కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు.

అవి రాష్ట్రం కోసం ఊరంతా ఉడుకుతున్న రోజులు. చర్చిలో పాస్టరుగారి పరిస్థితి కత్తి మీద సాము. ప్రతి ఆదివారం ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, "రాష్ట్రం విషయంలో నీ చిత్తమే జరిగించు ప్రభువా" అనేవారు. ఇటువాళ్ళూ అటువాళ్ళూ అంతకంటే గట్టిగా ఆమెన్ అనేవాళ్ళు. ఒక్క ఆమెన్‌లో రెండు కోరికలు ఇమిడిపోయేవి. మా ఇంట్లోనూ అంతే. నాకు తెలంగాణ కావాలి. ఆయనకు గొడవ వద్దు. అత్తమ్మకు భయం. "రాష్ట్రం ఇస్తే మనల్ని ఇక్కణ్ణించి పొమ్మంటారా అబ్బాయ్?" అని అడిగేది. ఒకసారి మా అమ్మ ముందు అడిగితే, "నిన్నెవరు పొమ్మంటరు వదినా? నువ్వు పోతే ఆవకాయ ఎవరు పెడతరు?" అంది అమ్మ. అన్నం తినేటప్పుడు మాత్రం రాష్ట్రం ఊసెత్తకూడదని మా ఇంట్లో కట్టుబాటు.

మా ఆయన రాసిన పాటల ప్రోగ్రాము సంగతి చెప్పాలి. చర్చిలో పాటల పుస్తకాలు చాలేవి కావు, ఉన్నవి చిరిగిపోయాయి. ఆయన సాయంత్రాలు కూచుని కీర్తనలన్నీ ఎక్కించి, మొదటి రెండక్షరాలు కొడితే పాట మొత్తం పెద్ద అక్షరాలతో గోడమీద పడేలా చేశాడు. చూపు ఆనని ముసలమ్మలు కూడా తలెత్తి పాడటం మొదలుపెట్టారు. ఆదివారాలు లాప్‌టాప్ దగ్గర కూచుని చరణం తర్వాత చరణం తిప్పే పని నాది. ఇంకో చర్చివాళ్ళు అడిగారు, ఇచ్చాడు. వాళ్ళను చూసి వేరేవాళ్ళు అడిగారు. చివరికి ఎవరైనా ఉచితంగా దించుకునేలా నెట్‌లో పెట్టాడు. "దేవుని పాటలకు రేటు కడతామా?" అనేవాడు. నాకు ఆయన మీద గర్వంగా ఉండేది.

తర్వాత దానికి ప్రార్థన మనవుల పెట్టె కలిపాడు. అంతకుముందు మా చర్చిలో చీటీల మీద మనవులు రాసి డబ్బాలో వేసేవాళ్ళం. అందులో ఎవరూ అసలు బాధ రాసేవాళ్ళు కాదు. ఎవరి దస్తూరి ఏదో అందరికీ తెలుసు మరి. తాగే మొగుడి గురించి రాయాల్సిన ఆమె, "ప్రయాణాలలో క్షేమం" అని రాసేది. అది చూసే ఆయన ఈ పెట్టె చేశాడు. రాసిన తర్వాత కింద రెండు గుర్తులు ఉంటాయి. ఒకటి "పాస్టరుగారికి". రెండోది "దేవునికి మాత్రమే". రెండోది నొక్కితే ఆ మాటలు ఎవరికీ వెళ్ళవు, రాసినవాళ్ళ దగ్గరే ఉంటాయి. ఆయన ఆ మాటను ఆ పేజీ పైన కూడా రాశాడు. నమ్మే రాశాడు.

వాడేవాళ్ళు పెరిగాక సైటు నడిపే ఖర్చూ పెరిగింది. మా జీతాలతో ఎన్నాళ్ళు లాగుతాం? అప్పుడు ఏదో ప్రకటనల కంపెనీ ఒక కిట్టు ఉచితంగా ఇస్తానంది. నాలుగు వరసలు తెచ్చి ప్రోగ్రాములో అతికిస్తే చాలు, కింద సన్నటి పట్టీలో ప్రకటనలు వస్తాయి, ఖర్చు గడిచిపోతుంది. అతికించాడు. మొదట్లో కోచింగ్ సెంటర్లు, ప్లాట్లు వచ్చేవి. చర్చిలో నెట్ ఉండదు కాబట్టి గోడమీద ఆ పట్టీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఉచితంగా ఇచ్చేవాడికి ఉచితంగా ఇంకొకరు సాయం చేశారని మేము దేవునికి వందనాలు కూడా చెప్పుకున్నాం.

నేను నా సంగతి ఆ పెట్టెలోనే రాశాను. నోటితో ప్రార్థన చేసుకోవచ్చు కదా అంటే, మా ఇళ్ళలో ప్రార్థన అంటే పైకి చెప్పేదే. రెండు గదుల ఇంట్లో నేను పైకి చెబితే పక్క గదిలో అత్తమ్మ ఆమెన్ అంటుంది. మనసులో చేసుకుందామంటే నా మనసు రెండో మాటకే కూరగాయల మీదికి పోతుంది. రాస్తే మాట నిలుస్తుంది. ఒక పొద్దున ఆఫీసుకు బయలుదేరే ముందు నా లాప్‌టాప్‌లో రాశాను. "ప్రభువా, మళ్ళీ నిలిచింది. ఇప్పుడు ఏడో వారం. జూన్‌లో రావాలి. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. ఈసారన్నా నా చేతికియ్యి." దేవునికి మాత్రమే అన్నచోట నొక్కాను. చాలా రోజుల తర్వాత ఆ రోజు క్యాబులో కిటికీ పక్కన కూచుని హాయిగా నిద్రపోయాను.

రెండు వారాలు గడిచాయి. ఆ ఆదివారం విజయవాడ నుంచి వాక్యం చెప్పడానికి ఒక పెద్దాయన రావాలి. అక్కడ బంద్, బస్సులు లేవు. ఆయన ఇంటి నుంచే నెట్ మీద మాట్లాడతానన్నారు. మా ఆయన ఎవరిదో నెట్ పుల్ల, అదే డాంగిల్, తెచ్చి నా లాప్‌టాప్‌కు గుచ్చాడు. పెద్దాయన గోడమీద కనిపించి, ఆగి ఆగి, సగం మాటలు మింగుతూ వాక్యం చెప్పారు. ఆ తర్వాత పాట. అందరూ లేచి నిలబడ్డారు. నేను పాట తెరిచాను. నెట్ పుల్ల తీయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

మొదటి చరణం పాడుతుండగా కింద పట్టీ వెలిగింది. గులాబీరంగు పాదాల బొమ్మ. పక్కన, మేము పాడుతున్న పాట అక్షరాలంత పెద్దగా, "కాబోయే అమ్మకు అభినందనలు! తొమ్మిదో వారంలో మీ బిడ్డ ద్రాక్షపండంత ఉంటుంది." ఊళ్ళోనే ఉన్న ఏదో ప్రసూతి ఆస్పత్రి ప్రకటన అది.

నేను గమ్మున ఉంటే సరిపోయేది. ప్రకటన అన్నాక ఏవేవో వస్తాయి, ఎవరో నవ్వేవాళ్ళు, పాట సాగేది. కానీ నా చేయి నా మాట వినలేదు. లాప్‌టాప్ మూత ఠపీమని మూసేశాను. గోడ చీకటైంది. పాట నడుమలో ఆగింది. అందరూ గోడ మీంచి నా వైపు తిరిగారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని నిలబడి ఉన్నాను. మా ఆయన నా చేతుల వంక చూశాడు.

పాస్టరమ్మ అందరికంటే ముందు వచ్చింది. నా తలమీద చేయి పెట్టి, "స్తోత్రం తండ్రీ, మూసిన గర్భాన్ని తెరిచావు" అని పైకి ప్రార్థన మొదలుపెట్టింది. షెడ్డంతా స్తోత్రం, స్తోత్రం అంది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళ సంతోషంలో కల్తీ లేదు, ఆ మాట నేను ఎప్పుడైనా చెబుతాను. కానీ నాకు మాత్రం నడివీధిలో చీర లాగేసినట్టు అనిపించింది.

ఇంటికొచ్చాక అత్తమ్మ చెప్పులు విడవకుండానే కుర్చీలో కూచుంది. "నాకు చెప్పకపోతే పోనీ అమ్మాయ్, నేను పరాయిదాన్ననుకో. వాడికైనా చెప్పొద్దూ? గోడకు తెలిసింది, కన్నవాడికి తెలియలేదు" అంది. అత్తమ్మ ముందు ఆయన్ని మీరు అని, గదిలో నువ్వు అని పిలిచే అలవాటు నాది. గదిలోకి వెళ్ళాక ఆయనే అడిగాడు.

"ఏ డాక్టరు సైటైనా చూశావా? దేంట్లో అయినా వెతికావా?"

"లేదు."

"ఎవరికైనా మెయిల్ పెట్టావా? వాళ్ళకు ఊరికే ఎలా తెలుస్తుంది చెప్పు."

"పెట్టలేదు. నీ పెట్టెలోనే రాసిన."

"ఏ పెట్టె?"

"నీ మనవుల పెట్టె. దేవునికి మాత్రమే అని నొక్కిన."

ఆయన వెంటనే లాప్‌టాప్ తెరిచాడు. భోజనానికి పిలిచినా రాలేదు. సాయంత్రానికి విషయం తేలింది. తాను అతికించిన ఆ నాలుగు వరసలూ ఏ పేజీలో ఉంటే ఆ పేజీలో కొట్టిన ప్రతి అక్షరాన్నీ చదివి తమ కంపెనీకి పంపుతున్నాయి. కింద ఏ గుర్తు నొక్కామన్నది వాటికి పట్టలేదు. "నేను చదవలేదే. ఎవరి మనవీ ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. ఒట్టు" అన్నాడు. నాకు తెలుసు, చూడడు. "నువ్వు చూడలేదు. వాళ్ళు చూసిండ్రు" అన్నాను. నా మీద కోపగించుకోవాల్సిన మనిషి, ఆ రోజు నా కాళ్ళ దగ్గర కూచుని ఏడ్చాడు. ఏ ఏడుపునైతే తప్పించాలనుకున్నానో ఆ ఏడుపే నెల ముందే వచ్చింది. నేను మళ్ళీ వీపు నిమిరాను.

అమ్మకు ఫోన్ చేసేసరికే చర్చి నుంచి ఎవరో చెప్పేశారు. "ఏందే గిట్ల చేసినవ్? నాకన్నా చెప్పకపోతివి" అని కాసేపు కోపగించి, "సరే తియ్యి. ఫికర్ చెయ్యకు. బండెక్కకు" అంది. మర్నాడే షేర్ ఆటోలో సగ్గుబియ్యం, బెల్లం పట్టుకుని వచ్చింది.

నిజం చెప్పాలంటే ఆ కొద్ది రోజులు బాగున్నాయి. దాచుకునే పని తప్పింది. అత్తమ్మ అలక రెండు రోజులకు మించి నిలవలేదు. పొద్దున్నే పాలలో ఖర్జూరం వేసి ఇచ్చేది. మా ఆయన నన్ను గిన్నె కూడా ఎత్తనిచ్చేవాడు కాదు. ఆ కిట్టును ఆయన ఆ రోజే ప్రోగ్రాము నుంచి పీకేశాడు. కానీ పోయిన మాట పోయింది. ఆ కంపెనీ మా లాప్‌టాప్‌ను గుర్తుపెట్టుకుంది. బంద్ ఉందో లేదో చూద్దామని వార్తల పేజీ తెరిస్తే, పక్కన గులాబీరంగు పాదాలు ఉండేవి. పదో వారం, రేగుపండంత. అప్పట్లో నాకూ కోపం రాలేదు. అత్తమ్మకు చూపించి నవ్వాను కూడా.

మరుసటి వారం ఆ బిడ్డా పోయింది. పొద్దున పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను, నడుములో నొప్పి మొదలైంది. ఆ రోజు మా వైపు బంద్. ఆటోల్లేవు, క్యాబుల్లేవు. మా ఆయన వెనక బండి మీద కూచున్నాను. కూడలిలో రోడ్డుకు అడ్డంగా టైర్లు కాలుతున్నాయి, కుర్రాళ్ళు జెండాలతో నిలబడ్డారు. తన యాస వింటే ఆపేస్తారేమోనని మా ఆయన నోరు తెరవలేదు. నేనే అన్నాను, "దవాఖానకు పోతున్నమన్నా, జర తొవ్వ ఇయ్యండ్రి." వాళ్ళలో ఒకతను నా ముఖం చూసి, టైరును కాలితో పక్కకు తన్ని, తర్వాతి కూడలి దాకా మా ముందు పరుగెత్తాడు, "జరగండ్రి, జరగండ్రి" అని అరుస్తూ. ఆ మనిషిని నేను మళ్ళీ చూడలేదు. వేళకే చేరాం. అయినా డాక్టరమ్మ చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఈసారి చర్చి మొత్తం వచ్చింది. తెలిసిన సంగతి కదా, రాకుండా ఎలా ఉంటారు? క్రిస్మస్ పాటలు నేర్చుకోవడానికి షెడ్డుకు వెళ్తూ వచ్చారు, వస్తూ వచ్చారు. ఆపిల్ పండ్లు వచ్చాయి. వరసకు పిన్ని అయ్యే ఒకామె మంచం అంచున కూచుని, "బొప్పాయి గిట్ల తిన్నవా బిడ్డా?" అంది. నేను లేచి, ఆమె తెచ్చిన సంచి ఆమె చేతికే ఇచ్చి, "ఇగ పో పిన్నీ" అన్నాను. ఆమె అత్తమ్మ వైపు చూసింది. అత్తమ్మ గుమ్మం దగ్గరికి వెళ్ళి తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది. ఆ రోజు నుంచి నాకు అత్తమ్మంటే ఇష్టం.

మా ఆయన ఆ కంపెనీకి రాశాడు. రాసిన మాటలు తుడిచేయమని, అవి ప్రార్థనలని, అమ్ముకునే సరుకు కాదని. చాలా రోజులకు జవాబు వచ్చింది. కిట్టు తీసుకునేటప్పుడు మీరు నిబంధనలకు ఒప్పుకున్నారు, మీరు ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలు అని. ఆయన నిజంగానే ఒప్పుకున్నాడు. ఆ నిబంధనలు చాంతాడంత ఉన్నాయి, కిందిదాకా జరిపి ఒప్పుకుంటున్నాను అని నొక్కాడు. ఎవరు చదువుతారు చెప్పండి.

ఆయన అక్కడితో ఊరుకోలేదు. నెలవారీ ప్రార్థన రోజున చర్చిలో లేచి నిలబడి, "మీరు దేవునికి మాత్రమే అని రాసినవి బయటికి వెళ్ళాయండి. నేను తెలియక పంపించానండి. క్షమించండి" అన్నాడు. నేను గొడవ అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. ఒక పెద్దమనిషి, "దేవునికి తెలిసినంక ఎవరికి తెలిస్తే ఏందయ్యా? మనమేమన్న దొంగలమా?" అన్నాడు. కొందరు నవ్వారు. ఇంకొకాయన, "ప్రకటనలు లేకపోతే మరి పాటలకు డబ్బులు కట్టాలా అండీ?" అని అడిగాడు. అందరూ వెళ్ళిపోయాక ఒక్కామె ఉండిపోయింది. ప్రయాణాలలో క్షేమం అని చీటీ రాసే ఆమె. కొంగు వేలికి చుట్టుకుంటూ మా ఆయన దగ్గరికి వచ్చి, "నేను రాసింది గూడ పోయిందా సారూ? వాపస్ తేలేరా?" అని మెల్లగా అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ డాబా ఎక్కలేదు. ఆమె ఏం రాసిందో మాకు ఈనాటికీ తెలియదు, తెలియకూడదు కూడా.

నాకు సంబంధించినంత వరకు, బిడ్డ పోయిన సంగతి ఆ కంపెనీకి ఎవరూ చెప్పలేదు. ఎలా చెబుతాం? నేను మళ్ళీ ఆ పెట్టె తెరవలేదు. నోటితో కూడా చాలా కాలం దేవునితో మాట్లాడలేదు. అందుకని వాళ్ళ లెక్కలో నా బిడ్డ పెరుగుతూనే ఉంది. సంక్రాంతి సెలవులప్పుడు మామిడికాయంత అయింది. ఢిల్లీలో బిల్లు గొడవలు జరుగుతుంటే, ఇప్పుడు మీ గొంతు గుర్తుపడుతుంది, మాట్లాడండి అంది ఆ ప్రకటన. వార్తల కోసం నేను ఆ పేజీ రోజూ తెరవాల్సిందే. ఒక పక్క కొత్త రాష్ట్రం, ఇంకో పక్క ఆ పాదాలు.

మొదట చూడలేక లాప్‌టాప్ మూసేసేదాన్ని. మా ఆయన గమనించి, "మొత్తం తుడిచేస్తాను. కొత్తగా ఎక్కిస్తే వాళ్ళు మనల్ని గుర్తుపట్టలేరు" అన్నాడు. నేను "చూద్దాం తియ్యి" అన్నాను. మళ్ళీ అడిగాడు. "ఆఫీసు పనులున్నయి, ఆగు" అన్నాను. పనులేమీ లేవు. నాకే ఎందుకో చేతులు రాలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళెవరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అమ్మ ఎత్తలేదు. ఇంట్లో అన్నం దగ్గర మాట్లాడకూడని సంగతులు ఇప్పుడు రెండయ్యాయి. జూన్ అనే నెల ఒకటి ఉందని గుర్తున్నది, లోకం మొత్తం మీద, నాకూ ఆ దిక్కుమాలిన ప్రకటనకే అనుకున్నాను.

రాష్ట్రం వచ్చింది. జూన్ నెల మొదట్లోనే. పొద్దున్నుంచే గోపన్‌పల్లి సందుల్లో టపాకాయలు, డప్పులు, గులాల్. అమ్మ మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చింది. అత్తమ్మ నోట్లో ఒక ముక్క పెట్టి, "చూసినవా వదినా, నిన్నెవరన్న పొమ్మన్నరా?" అంది. అత్తమ్మ నమిలి, "మీ లడ్డూలో తీపి ఎక్కువ" అంది. నేను ఇన్నేళ్ళు కోరుకున్న రోజు అది. వీధిలోకి వెళ్ళి నాలుగడుగులు ఆడి కూడా వచ్చాను. ఎవరో నా చెంపలకు గులాబీరంగు పూసి, "పుట్టింది అక్కా, పుట్టింది" అని అరిచారు. నేను నవ్వుతూనే ఇంట్లోకి వచ్చి ముఖం కడుక్కున్నాను. ఎంత కడిగినా ఆ రంగు పోలేదు.

అమ్మ వెళ్ళాక మా ఆయన్ని పిలిచి, "ఇప్పుడు తుడిచెయ్యి" అన్నాను. ఆయన లాప్‌టాప్ ముందు కూచున్నాడు. పేజీ తెరిచే ఉంది. చార్మినార్ మీద బాణాసంచా బొమ్మ. పక్కన పట్టీలో, "ఇక ఏ క్షణమైనా! మీ సంచి సర్దుకున్నారా?" ఆయన ముఖం పక్కకు తిప్పుకుని కీబోర్డు మీద వేళ్ళు పెట్టాడు.

"ఉండు అబ్బాయ్" అంది అత్తమ్మ.

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. మధ్యాహ్నాలు మేము ఆఫీసులో ఉన్నప్పుడు ఆమె ఆ లాప్‌టాప్‌లో వాక్యం వినేదని మాకు తెలుసు. వాక్యం వినడానికి వార్తల పేజీ తెరవనక్కర్లేదు. దగ్గరికి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, వంగి చూసింది.

"పోయిన నెల బొప్పాయంత అన్నాడు" అంది. "బుద్ధి లేదూ, తినకూడని పండుతోనా పోల్చేది అని తిట్టుకున్నాను. ఇప్పుడెంత ఉందో రాయలేదేం?"

నేను ముందుకు వంగి, ఆ పట్టీ మీద నొక్కాను. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా నొక్కలేదు. కొత్త పేజీ వచ్చింది. అత్తమ్మకు చదివి వినిపించాను. "పుచ్చకాయంత ఉందట అత్తమ్మా. తల కిందికి తిరిగిందట."

"సరే" అందామె. కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "ఇంక తుడిచెయ్ నాయనా."

అది చాలాసేపు పట్టింది. మళ్ళీ అంతా ఎక్కించి, ఆయన వార్తల పేజీ తెరిచి మా వైపు తిప్పాడు. టపాకాయలు ఇంకా మోగుతున్నాయి. పక్కన పట్టీలో కోకాపేటలో ఫ్లాట్లు ఉన్నాయి.

"ఇంక రాదా?" అంది అత్తమ్మ.

"రాదత్తమ్మా" అన్నాను.

అప్పుడు ఆమె నన్ను దగ్గరికి తీసుకుంది. ఆ రోజు మా ఆయన ఏడవలేదు. నా వీపు మీద చేయి వేసి నిమురుతూ నిలబడ్డాడు. మూడుసార్లకూ కలిపి నేను ఏడ్చింది ఆ రోజే.